మామ్మ చూసిన రెండో భాగం

పెదనాన్న తాతయ్య భూమి కాగితాలు స్కాన్ చేసి పెట్టారు. అత్తయ్య పూతరేకుల గురించి, బాబాయ్ మన మొదటి ట్రాక్టర్ గురించి రాశారు. "ఇంక నీ వంతే. ఏదో ఒకటి రాయి, మన క్యాంపు మాత్రం అందులో ఉండాలి" అని పెదనాన్న నాలుగు నెలలుగా గుర్తు చేస్తూనే ఉన్నారు. నా దగ్గర కాగితాలు లేవు, పాత ఫొటోలూ లేవు. నాకు బాగా తెలిసినవి రెండే: సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, కంప్యూటర్ ఆటలు ఆడటం. అందుకని ఒక ఆట గురించి రాస్తున్నాను. క్యాంపు దానంతట అదే వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందే ఒక మాట. పదో తరగతి దాకా నాది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు మామ్మ దగ్గర నేర్చుకున్నాను, వారపత్రికల అట్టల మీద. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి చదవడం తొందరగానే వచ్చింది గానీ, రాసేటప్పుడు ఇప్పటికీ తలకట్టు దగ్గర చెయ్యి కన్నడం వైపు పోతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆట పేరు డ్రాగన్ ఏజ్ 2. కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో ఉన్న బయోవేర్ కంపెనీ తయారుచేసింది, 2011 మార్చిలో వచ్చింది. పిల్లలకి చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ల కోసం చెప్తున్నాను: ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. విఠలాచార్య సినిమాలో హీరో మనమే అయ్యి, ఏ గుహలోకి వెళ్లాలో, మాంత్రికుడితో ఏం మాట్లాడాలో, ఎవర్ని వెంట తీసుకెళ్లాలో మనమే తేల్చుకుంటే ఎలా ఉంటుందో అలా. (విఠలాచార్య గారు కూడా ఉడుపి వైపు నుంచి వచ్చి తెలుగువాళ్లకి జానపదాలు తీసినాయన. మనం ఇటు వస్తే ఆయన అటు వెళ్లాడు.)

దీని మొదటి భాగం డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్, 2009 నవంబరులో వచ్చింది. భూమి కింద నుంచి డార్క్‌స్పాన్ అనే చీకటి మూకలు లేచి ఫెరెల్డెన్ అనే దేశం మీద పడతాయి. హీరో ఊరూరా తిరిగి, సైన్యం కూడగట్టి దేశాన్ని కాపాడతాడు. కథ ఆరు రకాల పుట్టుకల్లో ఏదైనా ఎంచుకుని మొదలుపెట్టొచ్చు: జమీందారు బిడ్డగానో, మాంత్రికుల మఠంలో పెరిగిన పిల్లగానో, పాతాళంలో కులం తక్కువ అని వెలేసిన మరుగుజ్జుగానో. ఆట మధ్యలో ఆపి, పైనుంచి చదరంగం బల్లని చూసినట్టు చూసి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పొచ్చు. ఆడినవాళ్లందరూ నెత్తిన పెట్టుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే రెండో భాగం వచ్చింది. ఆడినవాళ్లు చాలామంది తిట్టారు. నేనూ తిట్టాను.

నేను మొదటిసారి ఆడింది 2012లో, బెంగళూరులో పీజీలో ఉన్నప్పుడు. టెస్టర్‌గా ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. ఆ వయసులో ఎక్కడ చూసినా తప్పులే కనపడేవి, హోటల్ మెనూలో కూడా. ఈ ఆటలో వెతకాల్సిన పనే లేకపోయింది. ఒక పనిమీద గుహలోకి వెళ్తాం. ఇంకో పనికి ఇంకో గుహ. లోపలికి వెళ్తే అదే గుహ. అదే మలుపు, అదే మెట్లు, ఈసారి ఎడమ పక్క ద్వారం రాతిపలకతో మూసేశారు, అంతే తేడా. మూలనుండే చిన్న పటంలో మాత్రం ఆ మూసిన ద్వారం వెనక దారి గీసే ఉంటుంది! అది చూసి నేను గట్టిగా నవ్వితే పక్క మంచం అమ్మాయి లేచింది. ఆఫీసులో అయితే దీన్ని బగ్ అని రాస్తే డెవలపర్ "ఇది డిజైన్" అని తిప్పి పంపిస్తాడు. మళ్లీ రాస్తే డూప్లికేట్ అంటాడు. నిజంగానే డూప్లికేటే, గుహ గుహంతా డూప్లికేట్.

రెండోది యుద్ధాలు. పది మందిని కొట్టేసి ఊపిరి పీల్చుకుంటే ఇంకో పది మంది వస్తారు. ఎక్కడి నుంచి? మేడల మీద నుంచి దూకుతారు, కొన్నిసార్లు గాల్లోంచి ఊడిపడతారు. వెనక్కి జరిపి జాగ్రత్తగా నిలబెట్టిన విలుకాడి నెత్తి మీదే దిగుతారు. మొదటి భాగంలో తెలివి పనికొచ్చేది. ఇందులో వేలి బలం పనికొస్తుంది. పైనుంచి చూసే కెమెరా తీసేశారు. వెంట ఉన్నవాళ్లకి మనకి నచ్చిన కవచం తొడిగే వీలు తీసేశారు. మాటలకి ఒక చక్రం పెట్టారు. చక్రంలో నాలుగు ముక్కలు చూసి నొక్కితే ఆవిడ నోటి నుంచి మనం అనుకోని మాట వస్తుంది. నేను మర్యాదగా అడుగుదామని నొక్కితే ఎదుటివాడి మొహం మీద కొట్టినట్టు మాట్లాడిన సందర్భాలున్నాయి.

మూడోది నన్ను బాగా చిరాకుపెట్టింది. కథ మొత్తం కర్క్‌వాల్ అనే ఒకే పట్నంలో, సుమారు ఏడేళ్లు జరుగుతుంది. మధ్యలో రెండుసార్లు మూడేసి ఏళ్లు దాటిపోయాయని చెప్తారు. కానీ పట్నం మారదు. అదే సందు, అదే అంగడి, అదే మెట్ల మీద అదే మనిషి. మా క్యాంపులో ఏడేళ్లంటే ఎంత? గుడిసె పోయి పెంకుటిల్లు, పెంకుటిల్లు పోయి డాబా. చిన్నప్పుడు నేను సెలవులకి తణుకు వెళ్లి రెండు నెలల తర్వాత వచ్చేసరికే కొత్త బియ్యం మిల్లు గొట్టం లేచి ఉండేది. ఏడేళ్లలో ఒక్క గోడకి సున్నం కూడా వేసుకోని పట్నం ఎక్కడైనా ఉంటుందా?

ఇదంతా ఎందుకు జరిగిందో నాకు అర్థం కావడానికి నా ఉద్యోగమే కారణం. ఈ ఆట తయారీకి వాళ్లకి దొరికింది ఏడాదికి కొంచెం పైన. ఇంత పెద్ద ఆటకి అది బొత్తిగా చాలదు. నేను పనిచేసిన ఒకచోట కూడా, తేదీ ముందు నిర్ణయించి పని తర్వాత మొదలుపెట్టేవారు. చివరి వారంలో టెస్టర్లని పిలిచి "ఎన్ని తప్పులున్నాయని అడగట్లేదు, ఆపాల్సినవి ఎన్ని?" అని అడిగేవారు. ఆ గుహల్లో నాకు ఆ చివరి వారం కనిపించింది. అయినా జాలిపడలేదు. మొదటి అంకం అయ్యాక తీసేశాను.

మళ్లీ ఆడింది 2020లో. మార్చి నెలాఖరున లాక్‌డౌన్ పెట్టకముందే సింధనూరు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను, పది రోజుల బట్టలతో. పది రోజులు కాస్తా పద్నాలుగు నెలలయ్యాయి. పగలు ఆఫీసు పని, ఫోన్ సిగ్నల్ కోసం డాబా మీద. రాత్రి ఏం తోచేది కాదు. నా పాత లాప్‌టాప్‌లో అప్పటికే దించిపెట్టుకున్న ఆటల్లో దానికి బరువు కానిది ఇదొక్కటే. మామ్మకి ఎనభై ఏళ్లు, నిద్ర పట్టదు. సీరియళ్లు షూటింగులు లేక ఆగిపోయాయి. నా పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎవరే ఆ పిల్ల?"

"నేనే మామ్మా. హాక్ అని పేరు."

"పక్కనున్న ముసలావిడ?"

"మా అమ్మ. లియాండ్రా. వాళ్లు తమ్ముడూ చెల్లెలూ. ఊరు తగలబడిపోయింది, పారిపోతున్నారు."

ఇక్కడ రెండో భాగం గొప్పతనం చెప్పాలి. మొదటి భాగంలో దేశాన్ని కాపాడే మహావీరుడు ఉన్నాడు కదా, అతను ఇందులో లేడు. అదే యుద్ధంలో ఊరొదిలి పారిపోయిన ఒక మామూలు కుటుంబం కథ ఇది. తండ్రి అప్పటికే లేడు. తల్లి పుట్టినూరు కర్క్‌వాల్, సముద్రం అవతల. అక్కడ తాతలనాటి మేడ ఉంది, తమ్ముడు ఉన్నాడు, వెళ్తే నీడ దొరుకుతుందని ఆవిడ ఆశ. ఓడ దిగేసరికి పట్నం తలుపులు మూసి ఉంటాయి. అప్పటికే వలస వచ్చినవాళ్లు బోలెడంత మంది, ఇంక ఎవర్నీ రానివ్వం అంటారు. మేనమామ గామ్లెన్ వచ్చి తీరిగ్గా చెప్తాడు, మేడ ఎప్పుడో పోయిందని, తన అప్పుల కింద. లోపలికి రావాలంటే లంచం కట్టాలి. ఆ డబ్బుకి బదులు ఏడాది పాటు కిరాయి సైనికుల దగ్గరో దొంగసరుకు ముఠా దగ్గరో పనిచెయ్యాలి.

"మేనమామ ఉన్నాడని వెళ్లడం, ఆయన చేతులెత్తెయ్యడం," అంది మామ్మ. "ఇది ఎవరు రాసేరే? మన వైపు వాళ్లా?"

నేను చక్రంలో కిరాయి సైనికుల్ని ఎంచుకున్నాను. తెర నల్లబడింది. "ఏడాది తర్వాత" అన్నట్టుగా రెండు మాటలు చెప్పి, కథ ముందుకి దూకింది. మామ్మ లాప్‌టాప్ వైపు వంగింది.

"అదేంటే? ఆ ఏడాది ఏదీ?"

"అది చూపించరు మామ్మా. అయిపోయింది."

"ఆ ఏడాదే కదే అసలు కథ."

నేను ఈ ఆట మీద ఎన్నో విమర్శలు చదివాను. గుహలు, యుద్ధాలు, కెమెరా, అన్నీ ఉన్నాయి వాటిల్లో. ఇంత పెద్ద తప్పు ఎత్తిచూపించినవాళ్లని నేను చూడలేదు. వలస కథ చెప్తానని మొదలుపెట్టి, వలస వచ్చిన మొదటి ఏడాదిని నల్లతెర వెనక దాటించేశారు.

ఆ రాత్రి ఆట ఆగిపోయింది. మామ్మ తన మొదటి ఏడాది చెప్పింది. మనలో చాలామంది ముక్కలు ముక్కలుగా విన్నదే. తుంగభద్ర డ్యామ్ నుంచి నీళ్లు వదలడం 1953లో మొదలైంది. ఆ తర్వాత ఎడమ కాలువ కింద రేగడి భూములు చవగ్గా దొరుకుతున్నాయని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కబురు పాకింది. తాతయ్య తణుకు దగ్గర ఎకరంన్నర అమ్మి 1962లో వచ్చారు. అప్పటికి ఇది మైసూరు రాష్ట్రం. బెజవాడ, గుంతకల్లు, బళ్లారి దాకా రైళ్లు, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత ఎడ్లబండి. దిగేసరికి ఊరు లేదు. సర్కారు తుమ్మ కంప, మధ్యలో నాలుగు గుడిసెలు. పొలం అంటే ఎగుడుదిగుడు నేల. అందులో నీళ్లు నిలబడాలంటే ముందు చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి. వానొస్తే రేగడి కాళ్లకి పట్టుకుని చెప్పులు ఊడబెరికేది. మొదటి పంట వచ్చేదాకా బియ్యం లేవు. పక్క ఊరి గౌడశాని జొన్నరొట్టె తట్టడం నేర్పింది. "నేను తడితే చినిగిపోయేది. ఆవిడ నవ్వేది. మాట తెలీదు ఆవిడకీ నాకూ. నవ్వడం ఒకటే తెలుసు," అంది మామ్మ.

పూతరేకుల గురించి రాసిన అత్తయ్యా, మామ్మ రొట్టె గురించి కూడా ఎవరైనా రాయాలి.

తర్వాతి రాత్రుల్లో మామ్మ ఆటకి అలవాటుపడింది. అందరికీ పేర్లు పెట్టింది. కథ చెప్పే మరుగుజ్జు వారిక్ "పొట్టాయన". గామ్లెన్ "ఆ మేనమామ", పేరు పలికేది కాదు. భర్త దారిలోనే పోయినా పట్నం కాపలాదళంలో చేరి దానికి నాయకురాలైన అవలీన్ అంటే మామ్మకి ప్రాణం.

ఈ పొట్టాయన ఆటకి పెద్ద బలం. కథంతా అతను చెప్తున్నదే. కసాండ్రా అనే అధికారిణి అతన్ని పట్టుకుని కూర్చోబెట్టి, హాక్ గురించి నిజం చెప్పమంటుంది. అతను మొదలుపెట్టగానే హాక్ ఒక్క దెబ్బకి రాక్షసుల్ని గుంపులు గుంపులుగా చీల్చేస్తుంది. కసాండ్రా బల్ల మీద కొట్టి, కోతలు ఆపి అసలు సంగతి చెప్పమంటుంది. అప్పుడు అదే సన్నివేశం మామూలుగా మళ్లీ మొదలవుతుంది. ఇది చూసి నాకు పెదనాన్న చెప్పే తోడేళ్ల కథ గుర్తొచ్చింది. పెదనాన్నా, కోప్పడకండి. ఆ రాత్రి గుడిసె చుట్టూ వచ్చినవి మీరు చెప్తే ఏడు తోడేళ్లు, బాబాయ్ చెప్తే మూడు, మామ్మ చెప్తే "కుక్కలేమో, చీకట్లో ఎవరు చూసేరు?" ఇంటి కథలకి వెర్షన్లు ఉంటాయి. ఏ వెర్షన్ ఎవరు చెప్పారో రాసిపెట్టుకోవడమే మనం చెయ్యగలిగింది. ఈ ఆట రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

ఇంకో బలం స్నేహాల లెక్క. మామూలుగా ఇలాంటి ఆటల్లో వెంట ఉన్నవాళ్లకి నచ్చేట్టు మాట్లాడితే మార్కులు పెరుగుతాయి, నచ్చకపోతే వదిలేసి పోతారు. అందుకని ఆడేవాళ్లు అందరికీ తల ఊపుతూ కూర్చుంటారు. ఇందులో అలా కాకుండా రెండు వైపులా కొలత ఉంది, ఒక పక్క స్నేహం, ఒక పక్క పోటీ. ఎప్పుడూ మనతో గొడవపడే మనిషి కూడా ఆ పోటీ పెరిగేకొద్దీ మనల్ని గౌరవిస్తాడు. వెంటే ఉంటాడు, దానికీ లాభం ఉంటుంది. బాబాయ్, నాన్న నలభై ఏళ్లుగా కాలువ నీటి వంతు గురించి దెబ్బలాడుకుంటూ ఒకే కళ్లంలో వడ్లు ఆరబోసుకుంటారు. ఆ కొలత నాకు కొత్తగా అనిపించలేదు.

కర్క్‌వాల్ జనానికి ఫెరెల్డెన్ నుంచి వచ్చినవాళ్లంటే పడదు. వాళ్లని కుక్కల పేరు పెట్టి ఎగతాళి చేస్తారు. బళ్లో నన్నూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, "క్యాంపిన హుడుగి" అనేవాళ్లు. తిట్టేమీ కాదు అది, గుర్తు మాత్రమే. కానీ నా పక్కన కూర్చున్నవాళ్లకి ఊరి పేరు ఉండేది, నాకు క్యాంపు ఉండేది. ఆ విషయంలో ఆట నన్ను బాగానే పట్టుకుంది. కానీ ఒకటి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆటలో వలస వచ్చినవాళ్ల వల్ల ఎవరికీ నష్టం ఉండదు. హాక్ ఎవరి ఇల్లూ ఆక్రమించదు, తన తాతల మేడ తను తిరిగి సంపాదించుకుంటుంది, అంతే. మన కథ అంత శుభ్రంగా లేదు కదా. తాతయ్యకి భూమి అమ్మినాయన కొడుకు, నాకు తెలిసినప్పటి నుంచి, మన పొలంలోనే నీళ్లు పెట్టే పనికి వచ్చేవాడు. వాళ్ల నాన్న అమ్మినప్పుడు అది జొన్న చేను ధర. కాలువ నీళ్లు పారాక అది వరి మాగాణి ధర. మోసం ఎవరూ చెయ్యలేదు, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పెదనాన్న స్కాన్ చేశారు కూడా. అయినా ఆయన గట్టు మీద పార పట్టుకుని నిలబడితే మామ్మ ఎప్పుడూ ఆయనకి ముందు మజ్జిగ పంపించి తర్వాతే మాకు పెట్టేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఇంకోటి కూడా ఉంది. మనం శరణార్థులం కాదు. సింధనూరు పక్కనే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీల క్యాంపులున్నాయి. వాళ్లు హాక్ లాగా అన్నీ వదిలేసి వచ్చినవాళ్లు. మనం ఎకరంన్నర అమ్మి, డబ్బు నడుముకి కట్టుకుని వచ్చినవాళ్లం. రెండిటినీ క్యాంపు అనే అంటారు గానీ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ఆ సంగతికి వస్తాను.

ఆట మొదటి పావుగంటలోనే ఒకరు చచ్చిపోతారు. హాక్ మంత్రాలు తెలిసిన మనిషైతే చెల్లెలు బెథనీ పోతుంది. కత్తి పట్టే మనిషైతే తమ్ముడు కార్వర్ పోతాడు. నేను ఎప్పుడూ కత్తే. కొండదారిలో ఒక పెద్ద రాక్షసి తల్లి మీదికి వస్తుంటే తమ్ముడు అడ్డంపడతాడు, అది వాణ్ణి ఎత్తి నేలకేసి కొడుతుంది. తల్లి పెద్దకూతురి మీదికి తిరుగుతుంది, వాణ్ణి ఎందుకు ముందుకి పోనిచ్చావని. అంతలో ఇంకో మూక వస్తుంది, శవాన్ని అక్కడే వదిలేసి కదలాలి. 2012లో నేను రాసుకున్న నోట్సు ఇంకా ఉంది: "తమ్ముడి చావు మరీ తొందరగా వచ్చింది. అతను ఎవరో ఆడేవాళ్లకి తెలియకముందే చంపేస్తే ఎవరికి బాధ? తర్వాత కూడా అతని ఊసు సరిగ్గా లేదు. తీవ్రత: ఎక్కువ." చాలామంది విమర్శకులు అన్నది కూడా ఇదే.

మామ్మ పక్కన కూర్చోగా అదే జరిగినప్పుడు, నేను నా నోట్సే చెప్పాను. "ఇది బాలేదు మామ్మా. వాడు ఎవడో మనకి ఇంకా తెలీదు, అప్పుడే పోయాడు. ఒక్క నిమిషం ఏడ్చి, వెళ్లిపోయారు చూడు."

"అంతేనే," అంది. "ఏడవడానికి కూచుంటే నారు ఎండిపోద్ది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఆట ఆపి ఉంచాను, హాక్ కొండదారిలో అలా నిలబడి ఊపిరి తీస్తూ ఉంది.

"మాకూ ఒకడు పోయేడు. మీ పెదనాన్న తర్వాతోడు, మీ నాన్నకి ముందోడు. ఒళ్లో పెట్టుకుని తెచ్చేను తణుకు నుంచి. వచ్చిన రెండో వానాకాలం, చలిజ్వరం. మీ తాతయ్య బండి కట్టేరు. రెండు మైళ్లు వెళ్లేసరికి బండి దిగబడిపోయింది. రేగడి. దించి మోసుకుని నడిచేరు. సింధనూరు చేరేటప్పటికి ఏం లేదు."

నాకు ముప్ఫై ఏళ్లు దాటాయి అప్పటికి. అదే ఇంట్లో పుట్టి పెరిగాను. ఈ మాట నేనెప్పుడూ వినలేదు. నాన్నకి తెలుసా అని అడిగాను. "తెలిసే ఉంటాది. అడగలేదు, చెప్పలేదు," అంది. తాతయ్య ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదట. మర్నాడు నారుమడికి నీళ్లు పెట్టాల్సిన వంతు, వెళ్లి పెట్టి వచ్చారట.

నా నోట్సులో నేను తప్పు అని రాసింది తప్పు కాదేమో అని అప్పుడే అనిపించింది. ఆట రాసినవాళ్లు కావాలనే అలా రాశారో, టైము లేక అలా అయిందో నాకు తెలీదు. మామ్మ మాత్రం దాన్ని సరిగ్గా ఉన్న సన్నివేశంగానే చూసింది.

ఆ తర్వాత మామ్మ ఆట చూసే పద్ధతి మారింది. యుద్ధాలప్పుడు కునికేది. తల్లి కనపడితే లేచేది. పాతాళంలోకి నిధి వెతుక్కుంటూ వెళ్లడానికి యాభై బంగారు నాణేలు పోగుచెయ్యాలి, నేను అవి పోగుచేస్తుంటే "ఎంతయింది?" అని రోజూ అడిగేది. బయలుదేరేముందు తల్లి వచ్చి బతిమాలుతుంది, ఉన్న ఒక్క చెల్లెల్నైనా ఇంటి దగ్గర వదిలి వెళ్లమని. 2012లో నేను వినలేదు, తీసుకెళ్లాను, ఆ పిల్ల విషం సోకి దారిలోనే పోయింది. ఈసారి మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్యవే. తల్లి అడుగుతోంది." వదిలేశాను. తిరిగొచ్చేసరికి మంత్రగత్తె అని చెల్లెల్ని కావలివాళ్లు పట్టుకుపోతున్నారు. వైద్యం తెలిసిన ఆండర్స్‌ని వెంట తీసుకుని చెల్లెల్నీ తీసుకెళ్తే మూడో దారి ఉంది, ఆ పిల్ల బతుకుతుంది గానీ ఆ సైన్యంలో చేరిపోవాల్సిందే, ఇంటికి రాదు. మూడు దారుల్లో ఏది పట్టినా ఇల్లు ఖాళీ అవుతుంది. నేను ఆడిన ఆటల్లో ఇంత నిక్కచ్చిగా ఉన్నది ఇంకోటి లేదు.

నిధి వచ్చింది. తాతల మేడ మళ్లీ వాళ్లదయింది. మూడేళ్ల తర్వాత రెండో అంకం మొదలయ్యేసరికి తల్లి పట్టుబట్టల్లో ఆ మేడలో తిరుగుతోంది. మామ్మ ముఖం చూడాలి. "సొంతిల్లు," అంది. మర్నాడు అమ్మతో, అత్తయ్యతో ఫోన్‌లో కూడా చెప్పింది, ఆ పిల్ల ఇల్లు కొన్నదని. అత్తయ్య నేను బెంగళూరులో ఫ్లాట్ కొన్నాననుకుంది.

రెండో అంకమే ఈ ఆటలో అన్నిటికంటే మంచిది. రేవులో ఇరుక్కుపోయిన కునారీ సైన్యం, వాళ్ల నాయకుడు అరిషాక్, అతని ఓపిక రోజురోజుకీ తరిగిపోవడం, అవన్నీ మెల్లగా, భయంగా అల్లారు. అయితే అందులోనే ఒక చిన్న కథ ఉంది. పట్నంలో ఆడవాళ్లు మాయమవుతుంటారు, వాళ్లకి ముందు తెల్ల లిల్లీ పూలు వస్తాయి. ఒకరోజు తల్లికి ఎవరో తెల్ల లిల్లీలు పంపిస్తారు.

2012లో నేను ఇంతదాకా రాలేదు. ఏం జరగబోతోందో మాత్రం తెలుసు. అందుకే ఆ రాత్రి నిద్రొస్తోందని చెప్పి మామ్మని పడుకోమన్నాను. తర్వాత డాబా మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడాను. వెళ్లాను, ఆలస్యమైంది, ఆవిడ చేతుల్లో పోయింది. వెనక్కి వచ్చి మళ్లీ ఆడాను. అనుమానమున్న మనిషిని ఒకసారి నమ్మాను, ఒకసారి చంపాను. ముందు అంకం నుంచే దర్యాప్తు వేరేలా నడిపాను. నా ఉద్యోగమే అది, అన్ని దారులూ నడిచి చూడటం. నాలుగు రాత్రులు పట్టింది. ఏ దారిలోనూ ఆవిడ బతకదు. ఆడేవాళ్లు ఏం చేసినా మారని ఫలితాన్ని నా వృత్తిలో లోపం అంటాం. దీన్ని లోపం అని నేను రాయలేకపోయాను.

అయిదో రోజు మామ్మ అడిగింది. "ఆ తల్లి ఏమైందే? రావట్లేదు ఈ మధ్య."

"ఆట అయిపోయింది మామ్మా. వాళ్లు ఆ మేడలో సుఖంగా ఉన్నారు."

మామ్మ నన్ను చూసింది. "ఇల్లు కొనడంతో ఏదైనా అయిపోద్దేంటే?" అంది. ఇంకేమీ అడగలేదు. మడతకుర్చీ తీసుకుని వెళ్లి పడుకుంది. సీరియళ్లు మళ్లీ మొదలయ్యాక నా పక్కకి రాలేదు.

మూడో అంకం తర్వాత ఒంటరిగా పూర్తిచేశాను. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మంత్రగాళ్లకీ కావలివాళ్లకీ యుద్ధం, మనం ఒక పక్షం ఎంచుకోవాలి. ఎవరి పక్షాన ఉన్నా చివరికి ఇద్దరు నాయకులతోనూ పోరాడాల్సిందే. మనం కాపాడిన మంత్రగాళ్ల పెద్ద ఓర్సినో కూడా పిచ్చెక్కి రాక్షసుడిగా మారి మన మీదికే వస్తాడు, కారణం సరిగ్గా చెప్పకుండా. తల్లి విషయంలో దారులన్నీ ఒకచోటికి రావడం నన్ను నాలుగు రాత్రులు కుదిపేసింది. ఇక్కడ మాత్రం అదే పని టైము లేక చేసిన పనిలా కనపడుతుంది. 2014లో మూడో భాగం వచ్చింది, ఇన్‌క్విజిషన్. దానికి తీరిగ్గా టైము ఇచ్చారు, మైదానాలు కొండలు అడవులు, ఏ రెండూ ఒకలా ఉండవు. తప్పులన్నీ దిద్దారు. నేను ఒకసారి ఆడి పక్కన పెట్టాను.

మామ్మ 2022 ఆషాఢంలో పోయింది. మీరందరూ వచ్చారు.

పోయిన నెల పెదనాన్న వంశవృక్షం తయారుచేసి, తప్పులుంటే చూడమని నాకు పంపించారు. తప్పులు చూడటం నా పని కదా, చూశాను. పేర్ల స్పెల్లింగులు రెండు దిద్దాను. తాతయ్య, మామ్మల కింద అయిదు గడులున్నాయి. ఆరు ఉండాలి. మీకూ నాన్నకీ మధ్య ఒక గడి చేర్చాను, ఖాళీగా ఉంది. ఆ రాత్రి నేను పేరు అడిగితే మామ్మ "చిన్నోడు అనేవాళ్లం" అంది, ఇంకేం చెప్పలేదు. పెదనాన్నా, అప్పటికి మీకు నాలుగేళ్లు, అయిదేళ్లు ఉంటాయి. గుర్తుంటే చెప్పండి. తణుకులో పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బారసాలలో పెట్టిన పేరు మీకు తెలిసి ఉండొచ్చు. తెలిస్తే పెదనాన్నకి ఫోన్ చెయ్యండి.